బిళ్ల మీద రాయని భాష

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయికి ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. "తాతయ్యా, మొదటి రోజు క్లాసుల ఏం చెప్పాలె?" అని అడిగింది. ఏం చెప్పాలో తర్వాత, ముందు ఏం నమ్మకూడదో చెబుతాను కూర్చోమన్నాను. ఆమెకు తీరిక లేదు. ఫోన్లో ఎవరో నవ్వుతూ ఇంగ్లీషు నేర్పుతున్న వీడియో చూసుకుంటూ వెళ్లిపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆమె చదవకపోయినా ఇంకెవరైనా చదువుతారు.

తనకు ఇంగ్లీషు వచ్చని ఎవరైనా అంటే నేను వెంటనే నమ్మను. రాదన్నా నమ్మను. ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఈ పనిలో నా జుట్టంతా పోయింది గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు.

పొట్లం కాగితాల చదువు

నేను బడిలో కూర్చుని చదివింది ఏడో తరగతి దాకా. మా నాన్న కొత్తగూడెంలో గని కార్మికుడు. ఆయన జబ్బు పడ్డాక నన్ను స్టేషన్ దగ్గర ఒక టీ హోటల్లో పెట్టారు. ఆ స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్డు అని ఉంటుంది. దిగితే వచ్చేది కొత్తగూడెం. దేవుణ్ని చూద్దామని దిగిన యాత్రికులు గోదావరి ఎటని అడిగేవారు. గోదావరి ఇంకా బస్సెక్కి పోయేంత దూరంలో ఉందంటే మా ముఖాల్లోకి అనుమానంగా చూసేవారు. రాసింది ఒకటి, ఉన్నది ఒకటి అన్న సంగతి నాకు అక్కడే అలవాటైంది. తర్వాత ఇంగ్లీషులో రాసిన అక్షరాన్ని పలకరనీ, పలికేదాన్ని రాయరనీ తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. వీళ్లూ మా స్టేషన్ లాంటివాళ్లే అనుకున్నాను.

బజ్జీల పొట్లాలకు పాత ఇంగ్లీషు పేపర్లు వచ్చేవి. వాటినే చదివాను. పేపరును నాలుగు ముక్కలు చేసేవాళ్లం కాబట్టి నాకు ఏ వార్తా పూర్తిగా తెలియదు. ఎక్కడో సముద్రంలో ఒక ఓడ మునిగిపోయేలా ఉందని చదివాను. మునిగిందో లేదో ఈ రోజుకీ తెలియదు. మా చర్చి పాస్టరుగారు ఒక పాత డిక్షనరీ ఇచ్చారు. దానికి ముందు పేజీలు లేవు. పోయిన పేజీల్లోని మాటలను చుట్టూ ఉన్న మాటలను బట్టి ఊహించుకునేవాణ్ని.

ఒకరోజు ఉత్తరాది నుంచి వచ్చిన ఆఫీసరు ఒకాయన రైలు దిగి, ఆఫీసర్ల క్వార్టర్లు ఎటని నన్ను ఇంగ్లీషులో అడిగాడు. ప్రతి మాటా అర్థమైంది. జవాబు తెలుసు. నోరు తెరుచుకోలేదు. మా హోటలాయనకు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. ఆయన వచ్చి, చెయ్యి ఊపి, రెండు వేళ్లతో రెండు మలుపులు చూపించి ఆ ఆఫీసరును పంపించాడు. పంపించి నా వైపు తిరిగాడు.

"ఏరా దేవదానం, రోజూ కాగితాలు నములుతవు గదా, గొంతులకెల్లి ఒక్కటి కూడా రాదా?"

చదవడం ఒంటరిగా కుదురుతుంది. మాట్లాడటానికి ఎదురుగా ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి దొరకక నేను చాలా ఏళ్లు మూగవాడిగా ఉన్నాను. మెట్రిక్ ప్రైవేటుగా కట్టాను, డిగ్రీ కూడా ఇంట్లో కూర్చునే చదివాను. కాలేజీలో చదివినవాళ్లు నన్ను అనుమానంగా చూశారు. నేను వాళ్లను అంతకంటే అనుమానంగా చూశాను.

అందరి అమ్మలూ టీచర్లే

మొదట నాకు ఉద్యోగం ఇచ్చింది తల్లాడలో ఒక చిన్న బడి. అక్కడ పరీక్ష పేపర్లు దిద్దుతుంటే 'మా అమ్మ' అన్న వ్యాసం వచ్చింది. క్లాసు మొత్తం ఒకటే రాసింది. మా అమ్మ టీచరు. ఆమె పొద్దున్నే లేచి కాఫీ తాగుతుంది. సాయంత్రం నాకు పార్కులో కథలు చెబుతుంది.

తల్లాడలో పార్కా? నాకు అనుమానం వచ్చి ముందు బెంచీ పిల్లవాణ్ని లేపాను.

"మీ అమ్మ టీచరా?"

"కాదు సార్. మిరపకాయ ఏరనీకి పోతది."

"మరి టీచరని రాశావేం?"

"అది ఇంగ్లీషుల సార్," అన్నాడు, నాకు ఏమీ తెలియదన్నట్టు చూస్తూ.

గైడులో ఉన్న అమ్మను అందరూ తెచ్చుకున్నారు. మార్కులు నిండుగా పడుతున్నాయి. ఇంగ్లీషులో చెప్పే అబద్ధం అబద్ధం కాదని మేమే వాళ్లకు నేర్పాం. భాష రాకపోవడానికి వ్యాకరణం కారణమని పెద్ద పెద్దవాళ్లు చెబుతారు. నేను నమ్మను. తనది కాని అమ్మ గురించి రాసేవాడికి ఏ భాషైనా ఎందుకు వస్తుంది?

మీ ఇంట్లో ఉన్నదే రాసుకురండి, తప్పులు లెక్కపెట్టను అని చెప్పాను. మర్నాడు ఒక పిల్లవాడు వచ్చీరాని ఇంగ్లీషులో, నాన్న తాగివస్తే తాను మంచం కింద పడుకుంటానని రాశాడు. ఆ బడిలో నేను చూసిన మొదటి నిజమైన ఇంగ్లీషు అది. ఆ సాయంత్రమే వాళ్లమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది.

"ఏం సారూ, మా ఇంటి సంగతి ఇంగ్లీషుల రాపిస్తవా? తెలుగుల అయితే మా ఊరికే తెలుస్తది. ఇంగ్లీషుల రాస్తే దేశానికి తెల్వదా?"

ఆమె కోపంలో న్యాయం ఉంది. యాజమాన్యం కోపంలో మాత్రం లేదు. నెలాఖరుకు నన్ను మానుకోమన్నారు.

మేకు మీద వేలాడిన బిళ్ల

ఆ తర్వాత భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక హాస్టలు బడిలో చేరాను. చివరిదాకా అక్కడే పనిచేశాను. దాని కరస్పాండెంటు ముదిగొండ వైపు మిర్చి వ్యాపారం చేసి వచ్చినవాడు. ఆయనకు ఇంగ్లీషులో నాలుగే ప్రశ్నలు వచ్చని నా అనుమానం. నీ పేరేమిటి, మీ నాన్న ఏం చేస్తాడు, ఎక్కడ ఉంటావు, పెద్దయ్యాక ఏమవుతావు. ఏ పిల్ల ఎదురైనా ఆ నాలుగే. జవాబు ఏం వచ్చినా "గుడ్, గుడ్". ఇంగ్లీషులో వచ్చిన కాగితాన్ని గుమస్తా చేత పైకి చదివించుకుని, తల ఊపి సంతకం పెట్టేవాడు. ఒకసారి నేను ఇంగ్లీషులో సెలవు అడిగాను. "గుడ్, గుడ్" అన్నాడు. సెలవు ఇచ్చాడో లేదో తెలియక బడికే వెళ్లాను.

ఆయన బడిలో తరగతికొక బిళ్ల ఉండేది. అరచేయంత చెక్కముక్క, దానికొక తాడు. తెలుగు మాట్లాడాను అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. తెలుగు మాట్లాడుతూ దొరికినవాడి మెడలో వేస్తారు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే తెలుగు మాట్లాడే ఇంకొకణ్ని పట్టుకుని వాడి మెడలో వేయాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాడు గేటు దగ్గర నిలబడాలి, అందరూ చూస్తూ పోతారు.

చాలా బడుల్లో ఇలాంటిది చూశాను. ఇది ఇంగ్లీషు నేర్పదు, చెవులు నిక్కించడం నేర్పుతుంది. స్నేహితుడికి దెబ్బ తగిలితే వాడు అమ్మా అని ఏ భాషలో అరుస్తాడా అని కాచుకునే పిల్లల్ని తయారుచేస్తుంది. తక్కినవాళ్లు నోరు మూసుకుంటారు. నోరు మూసుకున్నవాడికి భాష ఎట్లా వస్తుంది? ఇదే సంగతి కరస్పాండెంటుతో అంటే, "క్రమశిక్షణ సారూ, క్రమశిక్షణ," అనేవాడు. ఆ మాట తెలుగులోనే అనేవాడు.

ఆరో తరగతి నవ్వులు

ఒక ఏడాది ఆరో తరగతిలో బిళ్ల ఎవరి మెడలోకీ ఎక్కడం మానేసింది. గోడ మేకుకు ఊరికే వేలాడుతోంది. కరస్పాండెంటు మురిసిపోయాడు.

"చూసిన్రా దేవదానం సారూ! ఆరో క్లాసుల తెలుగు బంద్ అయింది."

తెలుగు ఆగిందంటే నమ్మవచ్చు. కానీ ఆ పిల్లలు నవ్వుతున్నారు. కిటికీల్లోంచి వరండా అంతా వినబడేలా నవ్వుతున్నారు. వాళ్ల ఇంగ్లీషు నాకు తెలుసు, అందులో అంత నవ్వుకునే సరుకు లేదు. మరి ఏ భాషలో నవ్వుతున్నారు?

మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయిల వెనక నిలబడి విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా మీద జోకులు వేయడానికి ఏదో దొంగభాష కల్పించుకున్నారనుకున్నాను. క్లాసు లీడరు వినయ్‌ను పట్టుకున్నాను. వాడు తల్లాడ వైపు రైతు కొడుకు.

"ఏం మాట్లాడుతున్నార్రా?"

"నో తెలుగు సార్," అన్నాడు, ఠక్కున.

క్లాసులోకి తీసుకెళ్లి, మేకు మీది బిళ్ల తీసి నా జేబులో వేసుకున్నాను. ఇప్పుడు చెప్పమన్నాను. వాడు అటూ ఇటూ చూశాడు.

"కోయ సార్. సమ్మక్క నేర్పింది. బిళ్ల మీద తెలుగు అని ఒక్కటే ఉంది గదా సార్? కోయ వద్దని ఎవ్వరు రాయలే."

కారం సమ్మక్క అడవిలోపలి గూడెం పిల్ల. ప్రభుత్వం ఫీజు కట్టే సీటులో హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు ఆమెకు బడిలో వచ్చిన భాష, ఇంగ్లీషు ఆ తర్వాతది. క్లాసులో ఎవరూ పలకరించని పిల్ల. అలాంటి పిల్ల చుట్టూ ఇప్పుడు క్లాసంతా చేరింది. అందరికీ భయం లేకుండా నోరు తెరిచే చోటు కావాలి. ఆ చోటు ఆమె దగ్గర ఉంది.

ఆ పిల్ల నేర్పే తీరును నేను చాలా రోజులు చాటుగా గమనించాను. కుళాయి దగ్గర మగ్గు ఆమె చేతిలో ఉండేది. తన భాషలో అడిగితేనే ఇచ్చేది. తప్పుగా అడిగితే పగలబడి నవ్వేది, నవ్వి మగ్గు ఇచ్చేది. అర్థమైందా అని ఒక్కసారి కూడా అడగలేదు. మేం రోజంతా అడుగుతాం. క్లాసంతా ఒక్క గొంతుతో అయింది సార్ అంటుంది, మేం నమ్మినట్టు నటించి పేజీ తిప్పుతాం. ఆమెకు ఆ అవసరం రాలేదు. కోయలో పక్కకు జరగమంటే అర్థమైనవాడు జరుగుతాడు, కానివాడు దారికి అడ్డంగా నిలబడి ఉంటాడు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. మేం ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థం రాసిచ్చి, అర్థం చెప్పేశామని చేతులు దులుపుకుంటాం. సమ్మక్కకు ఆ తెలుగు మాట కూడా కొత్తదే. రెండువైపులా తెలియని మాటలను ఆ పిల్ల బట్టీ పట్టి ఒప్పజెబుతుంటే, మా స్టాఫ్ రూములో మాత్రం కోయపిల్లలకు బుర్ర తక్కువ అనేవారు. ఎవరి బుర్ర తక్కువో నేను పైకే అన్నాను. వారం రోజులు నాకెవరూ టీ పోయలేదు.

నిజం మాత్రమే జవాబు

ఆమె పద్ధతినే నా పీరియడ్‌లోకి తెచ్చాను. పుస్తకం మూయించాను. ఇంగ్లీషులో నన్ను ఏదైనా అడగొచ్చు, నిజం చెబుతాను, తెలుగులో అడిగితే మాత్రం చెప్పను అన్నాను. మొదటి రోజు గుసగుసలు తప్ప ఏమీ రాలేదు. రెండో రోజు వినయ్ నా జుట్టు ఎక్కడికి పోయిందని అడిగాడు. చెప్పాను. ఇంకొకడు నా జీతమెంతని అడిగాడు. చెప్పాను. వాళ్లకు జాలేసింది. ఆ తర్వాత ప్రశ్నలు ఆగలేదు. కాళ్లూ చేతులూ సరిగ్గా లేని ఇంగ్లీషే, కానీ నడిచింది.

ఒకరోజు సమ్మక్క లేచింది. "సార్, యూ ఫియర్ కరస్పాండెంట్?"

ఆయనంటే మీకు భయమా అని. నిజం చెబుతానని మాటిచ్చాను కదా. అవునన్నాను. పిల్ల తల ఊపి కూర్చుంది.

ఇది ఇలా సాగుతుండగా అంటురోగం లాంటి సంగతి ఒకటి బయటపడింది. వినయ్ సెలవులకు ఇంటికి వెళ్లి, వాళ్ల మిరప చేలో పనికొచ్చిన కోయ కూలీలతో గలగలా మాట్లాడాడట. వాళ్ల నాన్న నేరుగా కరస్పాండెంటు గదిలోకి వచ్చాడు.

"ఇంగ్లీషు నేర్పుతరని పంపితే మావోడు కూలోళ్లతోటి కోయల ముచ్చట పెడుతుండు. గిందుకేనా మేం ఫీజులు కట్టేది?"

ఆయన వెళ్లాక నాకు పిలుపు వచ్చింది.

"దేవదానం సారూ, నువ్వన్నా చెప్పు. ఇది ఇంగ్లీషు మీడియమా, కోయ మీడియమా?"

"పిల్లలు మీ బిళ్ల చెప్పినట్టే విన్నారు సార్. తెలుగు మాట్లాడలేదు."

"అయితే బిళ్ల మీద ఇంకో లైను రాపిస్త."

"లంబాడీ భాషకు ఒకటి, ఉర్దూకు ఒకటి రాయించాలి. బిళ్ల చాలదు, తలుపు చెక్క కావాలి."

ఆయన నవ్వలేదు. "అసలు మొదలు యాడున్నదో గది తీసేస్త. ఆ పిల్లను ఇంటికి పంపుతున్న. శనివారం తండ్రిని రమ్మని కబురు పెట్టిన."

ఏడాది నడుమ పంపేస్తే ఆ పిల్లను ఇంకే బడీ చేర్చుకోదు. సీటు పోతుంది. గూడెంలో పిల్ల అక్కతోపాటు మిరప చేలకు పోతుంది, వచ్చే ఏడాది బడి మాట ఎవరూ ఎత్తరు. అలా పోయినవాళ్లను చాలామందిని చూశాను. నేనెంత వాదించినా, నీ జీతం నీకు రావాలె గదా సారూ అన్నాడు. నా భయం ఆయనకూ తెలుసు.

శుక్రవారం సమ్మక్క నా దగ్గరకు వచ్చింది.

"సార్, కరస్పాండెంట్ సారును ఇంగ్లీషుల అడుగుత. మీరు రాసియ్యండి."

"రాసివ్వను. నేను రాసిస్తే అది నా ప్రశ్న అవుతుంది. ఏం అడగాలనుకుంటున్నావ్?"

"నేనేం చేసిన? ఎందుకు పంపుతున్రు?"

"నీ దగ్గరున్న మాటలతోనే అడుగు."

పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది. నేను ఒక్క తప్పు కూడా దిద్దలేదు. దిద్దితే ఆ గొంతు పోతుందని భయపడ్డాను.

శనివారం

తండ్రి ముత్తయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మీ పిల్ల బడి మొత్తానికి కోయ అంటిచ్చింది," అన్నాడు కరస్పాండెంటు.

"అంటిచ్చుడేంది సారూ, అదేమన్న గజ్జా? మాట గదా."

"ఇక్కడ ఇంగ్లీషు మాటే మాట్లాడాలె."

"అయితే దాన్నే అడుగున్రి. ఏమొచ్చో చెప్తది."

కరస్పాండెంటు ఆమె వైపు తిరిగి తన నాలుగు ప్రశ్నలూ వరసగా వేశాడు. పేరు, నాన్న పని, ఇల్లు, పెద్దయ్యాక. ఆమె నాలుగింటికీ జవాబు చెప్పింది. నాన్న ఏం చేస్తాడన్నదానికి గైడులోని డాక్టరునూ టీచరునూ తేలేదు. అడవిలో బీడీల ఆకు కోస్తాడు, వాన పడితే పోడు దున్నుతాడు అని తన ఇంగ్లీషులో చెప్పింది.

"గుడ్, గుడ్."

సమ్మక్క కదలలేదు. "సర్, వాట్ ఐ డిడ్? వై ఐ గో హోమ్?"

ముత్తయ్యకు ఆ మాటలు తెలియవు. ఆయన కూతురి ముఖం చూశాడు, తర్వాత కరస్పాండెంటు ముఖం చూశాడు. కరస్పాండెంటు సొరుగు లాగి అందులో ఏదో వెతికాడు. అందులో ఏమీ లేదు, నేను నిలబడ్డ చోటి నుంచి కనబడుతూనే ఉంది. సొరుగు మూశాడు.

"గుడ్," అన్నాడు, ఈసారి ఒక్కసారే. ముత్తయ్యతో అన్నాడు, "తీస్కపో."

"ఇంటికా సారూ?" అన్నాడు ముత్తయ్య.

"క్లాసుకయ్యా. క్లాసుకు."

వరండాలోకి రాగానే సమ్మక్క నా పక్కకు వచ్చింది. "సార్, ఆయన జవాబు చెప్పలే. అర్థం కాలేదా?"

"కాలేదు. ఆయనకు నాలుగు ముక్కలే వచ్చు," అన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వి క్లాసుకు పరుగెత్తింది. కథ అక్కడికి అయిపోయిందనే అనుకున్నాను. రాని భాషను వచ్చినట్టు నటించే మనిషి ఒకడు, అడిగినదానికి గుడ్ అని తప్పించుకోబోయి ఒక పిల్లను బడిలో ఉంచేశాడు. స్టాఫ్ రూములో అందరికీ ఇలాగే చెప్పి నవ్వించాను కూడా.

సోమవారం ఆరో తరగతి మేకు ఖాళీగా ఉంది. మిగతా తరగతుల్లో బిళ్లలూ లేవు. ఎవరూ ఏమీ ప్రకటించలేదు. ఆయా మరియమ్మను అడిగాను.

"ఏమో సారూ. శనివారం పొద్దుగూకినంక పెద్దసారే తిరిగి తిరిగి అన్నీ తీసుకొచ్చిండు. నీళ్లు కాగే పొయ్యిల ఏసి, కాలేదాంక ఆణ్నే నిలబడ్డడు."

ఆ తర్వాత నేను ఆయన దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. ఈ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సమ్మక్క పదో తరగతి అక్కడే పూర్తిచేసింది. ఇప్పుడు ఒక గూడెం బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతోంది. ఆ ఏడాది ఆరో తరగతి పిల్లలు నాకు చాటుగా కోయలో ఒక పేరు పెట్టారు, దానికి అర్థమేమిటని ఆమె ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను. నవ్వుతుంది తప్ప చెప్పదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. అయింది సార్ అన్న గొంతుల గుంపును నమ్మకండి. గైడులో ఉన్న అమ్మను నమ్మకండి. పిల్లల చేత తమ సొంత ప్రశ్న ఒక్కటి అడిగించండి. ఆ తర్వాత దాన్ని వినేవాడి ముఖం చూడండి.

ఆ శనివారం నేను ఆయన ముఖం సరిగ్గా చూడలేదు, సొరుగును చూస్తూ ఉండిపోయాను. ఆ ప్రశ్న ఆయనకు పూర్తిగా అర్థమైందేమోనని ఇప్పుడు నా అనుమానం. ఎందరినో, ఎన్నింటినో అనుమానిస్తూ బతికినవాణ్ని. నిజమైతే బాగుండునని నేను కోరుకున్న అనుమానం మాత్రం ఇదొక్కటే.